నోటి కొలత, పుస్తకం కొలత

మా అక్క అబద్ధాలకోరు. నేనిలా అన్నానని ఎవరైనా మోసుకెళ్ళి చెప్పినా ఆవిడకు కోపం రాదు, ఎందుకంటే నేను ఆవిడ మొహం మీదే వందసార్లు అన్నాను. అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు. పంతొమ్మిదేళ్ళుగా ఆవిడ మిషను పక్కన కూర్చుని కాజాలు కుట్టి, బొత్తాలు పెట్టి, అంచులు మడిచే పని నాది. వీధంతా ఆవిడను టైలరక్క అంటుంది. నాకూ అదే నోటికి పట్టింది.

మా కొట్టు మందుల షాపు పక్కన, మూడు మెట్లెక్కితే వచ్చే ఒక్కటే గది. కిటికీ దగ్గర అక్క మిషను, గోడవార నా బల్ల, మధ్యలో వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక పొట్టి పీట. మూలన తెర కట్టి ఉంటుంది, కొలతలివ్వాలన్నా, కుట్టినవి వేసుకుని చూసుకోవాలన్నా ఆ తెర వెనక్కే. అక్క సన్నగా, పొడుగ్గా, మెళ్ళో టేపుతో ఉంటుంది. ఏం తిన్నా ఒంటికి పట్టదు. కర్రకి గౌను తొడిగినట్టుంటావని నేనంటే, "ఆ కర్రతోనే నీకు నాలుగు తగిలిస్తా, పని చూడు" అనేది.

ఆవిడ అబద్ధం ఒకే రకం. నడుము చుట్టూ టేపు వేసి, వచ్చిన అంకెను పుస్తకంలో ఉన్నదున్నట్టు రాసుకుంటుంది. నోటితో మాత్రం రెండంగుళాలు తగ్గించి చెబుతుంది. పుస్తకంలో ముప్ఫై ఎనిమిది, నోట్లో ముప్ఫై ఆరు. బట్ట పుస్తకం ప్రకారం కుడుతుంది కాబట్టి ఒంటికి చక్కగా అమరుతుంది, మనిషి నోటి మాట ప్రకారం సంతోషంగా వెళ్తుంది. నాలుగు వీధుల అవతల నుంచి కూడా మా కొట్టుకు వస్తారంటే కుట్టు బాగుంటుందనే కాదు, ఇక్కడికొస్తే నడుము తగ్గుతుందని.

ఒకసారి బ్యాంకులో పనిచేసే ఆవిడ మా అంకె నమ్ముకుని రెడీమేడ్ పాంటు కొనుక్కుంది. అది తొడలు దాటి పైకి రాలేదట. పాంటు పట్టుకుని మా మీదికొచ్చింది. అక్క కంగారు పడలేదు. పాంటు తిప్పి చూసి, కుట్లు లాగి చూసి, "వీళ్ళకి కొలతలు తెలీవమ్మా, ఏదో గుడ్డ చుట్టి అమ్మేస్తున్నారు" అంది. ఆవిడ ఆ కోపమంతా పట్టుకెళ్ళి ఆ షాపులో దులిపి వచ్చింది. నేను బల్ల కిందికి వంగి, లేని సూది వెతుకుతూ నవ్వాను.

అక్కకి ఇంకో పద్ధతి ఉంది. ఏం కుట్టినా రెండు పక్కలా కావలసినంత గుడ్డ లోపల వదులుతుంది. బిగించమని తెచ్చినప్పుడు కూడా కుట్టు లోపలికి వేస్తుందే తప్ప, మిగిలిన గుడ్డ కత్తిరించదు. "ఒళ్ళు ఒకచోట ఆగేది కాదు. పెరుగుద్ది, తరుగుద్ది. దానితో బట్టే సర్దుకోవాలి గానీ, బట్టతో ఒళ్ళు సర్దుకోదు" అనేది. ఈ ఒక్క మాటలో మాత్రం అబద్ధం లేదు.

ఇక ఆ అబద్ధం ఎక్కడ మొదలైందో చెప్పాలి. అక్కకి ఒక చెల్లెలుంది, ఆరేళ్ళు చిన్నది, ఇప్పుడు బళ్ళో టీచరు. అక్క చిన్నీ అంటుంది, నేను టీచరమ్మ అంటాను. చిన్నప్పుడు ఈవిడ బొద్దుగా ఉండేది. ఆ రోజుల్లో వాళ్ళ బళ్ళో ఏడాదికోసారి ఆరోగ్య పరీక్ష పెట్టేవారు. డ్రిల్లు మాస్టారు పిల్లల్ని ఒక్కొక్కర్నీ తూకం మిషను ఎక్కించి అంకె గట్టిగా చదివితే, పక్కన టీచరు రాసుకునేది. చిన్నీ ఎక్కాక ఆయన అంకె చదివి ఊరుకోలేదు. "మిషను విరిగిపోద్దే, దిగు దిగు" అన్నాడు. తరగతంతా గొల్లుమంది. ఆ పూట నుంచే ఆ పిల్ల పేరు బస్తా అయింది. పదకొండేళ్ళ పిల్ల ఇంటికొచ్చి, మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని, రెండు రోజులు ముద్ద ముట్టలేదు. ఆ మాస్టారు నాకెప్పుడైనా ఎదురుపడితే ఆయన్ని ఇప్పుడైనా నాలుగు మాటలనాలని ఉంది.

అప్పటికి అక్క పదిహేడేళ్ళది, యూనిఫారాలు కుట్టే ఒక ముసలాయన దగ్గర పని నేర్చుకుంటోంది. చెల్లెలికి కొత్త గౌను కుడతానని లేపి నిలబెట్టి టేపు వేసింది. టేపులో ముప్ఫై వచ్చింది. "ఇరవై ఏడు" అంది.

"నిజంగానా?"

"టేపు అబద్ధం చెబుద్దా?"

చిన్నీ వెళ్ళి అన్నం తింది. టేపు అబద్ధం చెప్పలేదు, చెప్పింది అక్క. పిల్ల తిన్నది కాబట్టి ఆ అబద్ధం అక్కకి మందులా తోచింది. తరవాత కొట్టు పెట్టాక వచ్చిన ప్రతి ఒక్కరికీ అదే మందు పోసింది. బయటివాళ్ళకి రెండంగుళాలు, చెల్లెలికి మాత్రం మూడు. చిన్నీ ఆ రోజు తరవాత ఇరవై ఏడేళ్ళలో మళ్ళీ తూకం మిషను ఎక్కలేదు. తన ఒంటి సంగతి ఏదైనా తెలుసుకోవాలంటే అక్క నోటి మాటే దిక్కు.

రెండేళ్ళ కిందట టీచరమ్మకి అక్క నీలం గౌను ఒకటి కుట్టింది. పుస్తకంలో నడుము నలభై ఒకటి. నోటితో ముప్ఫై ఎనిమిది. గౌను ఆవిడకి ఎంత నచ్చిందంటే వారానికి రెండుసార్లు అదే వేసుకుని బడికి వెళ్ళేది.

బడి కొత్త తరగతులు మొదలైన రెండో నెలలో అది వదులైందని తెచ్చింది. రోజూ బడికి నడిచి వెళ్తున్నానంది. టేపులో ముప్ఫై తొమ్మిది. "ముప్ఫై ఏడు" అంది అక్క, ఈసారి మూడు కాకుండా రెండే తగ్గించి. ఇంకో రెండు నెలలకు మళ్ళీ వచ్చింది. ఈసారి టేపులో ముప్ఫై ఆరు. అక్క కూడా "ముప్ఫై ఆరు" అంది.

టీచరమ్మ వెళ్ళాక పుస్తకం గుండెకి ఆనించుకుని నా దగ్గరికొచ్చింది. కళ్ళనిండా నీళ్ళు. "ఇవాళ దానికి నిజం చెప్పానే. ఇరవై ఏడేళ్ళకి నోటిదీ పుస్తకంలోదీ ఒకటయ్యాయి. ఇంక దానికి అబద్ధం చెప్పక్కర్లేదు" అంది. నేనూ సంతోషించాను. ఆ సంతోషంలో ఇద్దరం గమనించని సంగతి ఒకటుంది. టీచరమ్మ లెక్కలో ముప్ఫై ఎనిమిది నుంచి ముప్ఫై ఆరు, అంటే రెండే రెండంగుళాలు తగ్గింది. నిజంగా తగ్గింది అయిదు.

ఆవిడకి అనుమానం రాకపోలేదు. "ఇంత లూజయింది, రెండే అంగుళాలా అక్కా?" అని అడిగింది.

"ఉతికి ఉతికి గుడ్డ సాగిందిలే" అంది అక్క. పాత అబద్ధం పడిపోకుండా ఇలా కొత్తది ఆనించాల్సి వచ్చేది.

వీధిలో టీచరమ్మకి జేజేలు. మందుల షాపు ఆవిడ బయటికొచ్చి మరీ, "ఏం తింటున్నావు, ఏం మానేశావు, మాకూ చెప్పు తల్లీ" అనేది. ఎదురింటి పెద్దావిడ "లంకణం పరమౌషధం అని ఊరికే అన్నారా" అని తనే జవాబు చెప్పుకునేది. లంకణమా, పాడా! నేను కళ్ళారా చూశాను. బడి నుంచి వస్తూ మా కొట్లో ఆగి, అక్క కారియరు ఖాళీ చేసి, నా డబ్బా మూత కూడా తీసేది. తిని, ఫ్యాను కిందికి జరిగి, చెమట తుడుచుకునేది. బయట చల్లగాలి వేస్తుంటే మేమిద్దరం శాలువాలు కప్పుకుని ఉండేవాళ్ళం.

గుండె దడగా ఉంటోందని, నిద్ర పట్టడం లేదని ఒకసారి డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చింది. బరువు చూస్తామంటే వద్దంది. ఈమధ్య తగ్గారా అని అడిగితే, "నడుస్తున్నానుగా, ఓ రెండంగుళాలు తగ్గాను" అందట. పరీక్ష పేపర్లు దిద్దే ఒత్తిడి అయి ఉంటుంది, విశ్రాంతి తీసుకోండి, తగ్గకపోతే మళ్ళీ రండి అని పంపించారు. మాకు చెప్పి, "చూశావా, ఏమీ లేదు" అని నవ్వింది.

అయిదో నెల్లో మళ్ళీ అదే గౌను తెచ్చింది. తెర వెనక అక్క కొలతలు తీసుకుంటోంది. మామూలుగా నడుము అంకె పైకి చెప్పే మనిషి ఆ రోజు నడుము దాటి, చేతి మొదలు, భుజం, మణికట్టు దాకా వెళ్ళింది. ఒక్క అంకె పైకి రాలేదు.

"ఎంతక్కా?"

"ఉండు."

"ఈసారి లోపల గుడ్డ కత్తిరించెయ్. మూటలా గుచ్చుకుంటోంది."

"నా కొట్లో లోపలి గుడ్డ కత్తిరించరు."

"ఇంక నాకు దాంతో పనిలేదక్కా, నేను మళ్ళీ అలా అవ్వను. కత్తిరించెయ్."

"కత్తిరించనన్నానా?"

టీచరమ్మ గొంతు పెరిగింది. "నేను మళ్ళీ బస్తా అవ్వాలని కోరుకుంటున్నావు. పుట్టుకతోనే పుల్లలా పుట్టినదానివి, నీకేం తెలుసు?"

టీచరమ్మ విసురుగా బయటికొచ్చి పీట మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంది. లేవబోయింది, లేవలేకపోయింది. రెండు చేతులూ మోకాళ్ళకి ఆనించి ఊపు తీసుకుంది, అయినా కాలేదు. "కాళ్ళు తిమ్మిరెక్కినట్టున్నాయి" అని నవ్వి నాకు చెయ్యి అందించింది. ఆ చెయ్యి సన్నగా వణుకుతోంది. పట్టుకుని లేపాను. చేతిలో బరువే లేదు.

ఆవిడ మెట్లు దిగి వెళ్ళాక అక్క పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. పంతొమ్మిదేళ్ళలో ఆ పుస్తకం నా చేతికివ్వడం అదే మొదటిసారి. నడుము ముప్ఫై నాలుగున్నర. చేతి లావు పద్నాలుగు ఉండేది, పదకొండున్నర. "నడిచి తగ్గినవాళ్ళని ఎంతమందిని చూశాను నేను? ముందు నడుము తగ్గుద్ది, అదీ ఏడాదికి అంగుళమో, రెండో. దీనికి జబ్బల్లో కండ పోయిందే. కడుపునిండా తింటూ కరిగిపోతోంది" అంది.

"అయితే ఈ పుస్తకం తీసుకెళ్ళి డాక్టరుకి చూపించు."

అక్క చటుక్కున పుస్తకం మూసేసింది. పుస్తకం చూపిస్తే చిన్నీ చూస్తుంది. చిన్నీ చూస్తే ఇరవై ఏడేళ్ళ నోటి మాటంతా ఏమవుతుంది? "నువ్వే ఏదో ఒకటి చెప్పి తీసుకెళ్ళరాదూ" అని నన్ను బతిమాలింది. నాకు ఒళ్ళు మండింది.

"చెల్లెలు కావాలా, నీ మంచితనం కావాలా తేల్చుకో. రేపు మధ్యాహ్నం దాకా చూస్తా. నువ్వు చూపించకపోతే నేనే ఆ పుస్తకం పట్టుకుని మెట్లు దిగుతా."

అన్నాక నాకే బాధేసింది. కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు బడి వదిలాక ముగ్గురం వెళ్ళాం. టీచరమ్మ అలిగే ఉంది, అక్క పోరు పడలేక వచ్చింది. ముందు చూసిన డాక్టరమ్మే, ముక్కు చివర కళ్ళజోడు, నెమ్మదైన మనిషి. ఎంత తగ్గారు, ఎన్నాళ్ళలో అని మళ్ళీ అడిగింది.

"రెండంగుళాలు. మహా అయితే మూడు" అంది టీచరమ్మ.

అక్క సంచీలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టి పేజీ తెరిచింది. "అది తప్పండీ. అయిదు నెలల్లోనే ఆరున్నర. నేను దీనికి తప్పు చెప్పాను. రాసుకున్నది నిజం."

డాక్టరమ్మ పేజీ మీద వేలు పెట్టి పై నుంచి కిందికి చూసింది. పక్క నుంచి టీచరమ్మా చూసింది. నలభై ఒకటి దగ్గర ఆవిడ కళ్ళు ఆగిపోవడం నాకు తెలుస్తూనే ఉంది.

డాక్టరమ్మ టీచరమ్మ గొంతు కింద వేళ్ళతో నొక్కి చూసింది, చేతులు చాచమని వాటి మీద కాగితం పెట్టి చూసింది. కాగితం అదిరింది. రక్తపరీక్ష రాసింది. గొంతులో థైరాయిడ్ అనే గ్రంథి మితిమీరి పనిచేస్తుంటే, తిన్నది తిన్నట్టే ఖర్చయిపోయి, మనిషి ఇలా తగ్గుతుందని, గుండెను కూడా పరుగెత్తిస్తుందని చెప్పింది. మూడు రోజులకు వచ్చిన కాగితంలో అదే తేలింది. ఇంకొన్నాళ్ళు వదిలేస్తే గుండె మీదికి వచ్చేదంది.

"మందులు వేసుకుంటే బరువు తిరిగొస్తుందా?" టీచరమ్మ అడిగిన మొదటి ప్రశ్న అది. నాకు ఏడుపొచ్చింది.

"వస్తుందమ్మా. రావాలి కూడా" అంది డాక్టరమ్మ. "ఎత్తుకు తగ్గ బరువంటే ఒక్క అంకె కాదు, ఇంత నుంచి ఇంత వరకు అని కాస్త చోటుంటుంది. మీరు మొదట దానికి కొంచెం పైనే ఉన్నారు, లేదనను. నెమ్మదిగా తగ్గించుకుందురుగాని. కానీ ఇప్పుడు పోయింది కొవ్వొక్కటే కాదు, కండ కూడా. సన్నబడ్డారని అందరూ మెచ్చుకుంటున్నప్పుడే మీకు జబ్బు ముదురుతోంది."

బయటికొచ్చాక టీచరమ్మ అక్క వైపు చూడకుండానే అడిగింది. "ఎప్పటి నుంచి?"

"నీ పదకొండో ఏట నుంచి."

"ఆ గౌను నుంచా?"

"ఆ గౌను నుంచే."

టీచరమ్మ మమ్మల్ని అక్కడే వదిలేసి బస్సెక్కి వెళ్ళిపోయింది.

మూడు నెలలు మా మెట్లెక్కలేదు. అక్క మిషను తొక్కుతుండేది, మెట్ల చప్పుడైతే కాలు ఆగేది. మాత్రలు వేసుకుంటోందో లేదో అన్నదే ఆవిడ దిగులు. బరువు తిరిగొస్తుందని భయపడి మానేస్తుందేమో, మానేస్తే ఏమవుతుందో అని నన్ను రోజుకు పదిసార్లు అడిగేది. నేనేం చెప్పను? ఆ రోజుల్లోనే ఆవిడ నోటి కొలత మానేసింది. మానేసి నిజాలు మొహాన కొట్టడమూ మొదలెట్టలేదు. టేపు వేసే ముందు, "పైకి చెప్పమంటారా, రాసుకుని ఊరుకోమంటారా?" అని అడిగేది. ఊరుకోమంటే ఊరుకునేది. చెప్పమంటే ఉన్నది చెప్పేది. బ్యాంకావిడ ఉన్నది విని వారం రోజులు మాతో మాట్లాడలేదు. తరవాత అదే నోటితో, "పోన్లే, పాంటు కొనుక్కోడానికైనా పనికొస్తుంది" అని వచ్చింది.

టీచరమ్మ ఒక సాయంత్రం, కొట్లో ఇద్దరు మనుషులుండగా వచ్చింది. చేతిలో నీలం గౌను. కాస్త నిండుగా ఉంది, కళ్ళ కింద నలుపు పోయింది.

"మధ్యలో నాలుగు రోజులు మాత్రలు మానేశా" అంది అక్కతో. అంతకుముందు పలకరింపు లేదు, ఏమీ లేదు. "గౌను బిగుతైంది, మళ్ళీ మొదలైందిరా దేవుడా అని మానేశా. అయిదో రోజు పాఠం చెబుతుంటే గుండె దడదడలాడి కుర్చీ పట్టుకున్నా. పిల్లలు భయపడిపోయారు. ఆ పూట నుంచి మళ్ళీ వేసుకుంటున్నా."

టీచరమ్మ తెర వెనక్కి వెళ్ళలేదు. గది మధ్యలో నిలబడి చేతులెత్తింది. "వెయ్యి టేపు. పైకి చదువు."

"చిన్నీ, లోపలికి రా."

"ఇక్కడే. గట్టిగా."

అక్క టేపు వేసింది. టీచరమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది, పదకొండేళ్ళ పిల్ల తూకం మిషను మీద అలాగే మూసుకుని ఉంటుంది.

"ముప్ఫై ఎనిమిది" అంది అక్క.

ఎవరూ నవ్వలేదు. పీట మీద కూర్చున్నావిడ, "నాది నలభై మూడమ్మా" అంది, ఎవరూ అడక్కుండానే.

టీచరమ్మ కళ్ళు తెరిచింది. "నోటిదా, పుస్తకందా?"

"రెండూ."

అక్క గౌను తిరగేసి బ్లేడుతో పక్క కుట్లు విప్పింది. లోపలి గుడ్డంతా ఉన్నది ఉన్నట్టే ఉంది. కొత్త కుట్టు వేసి, తడి గుడ్డ పరిచి ఇస్త్రీ పెట్టె నొక్కింది. టీచరమ్మ గౌను వేసుకుని అద్దం ముందు నిలబడింది. సరిగ్గా సరిపోయింది. కానీ రెండు పక్కలా పాత కుట్టు ఉన్నచోట సూది రంధ్రాల వరస మిగిలింది. ఎంత ఇస్త్రీ చేసినా అది పోదు. ఆవిడ ఆ గీత మీద వేలు పెట్టి రాసింది.

"ఇది కనిపిస్తుందా అక్కా?"

నేను కాజా కుట్టడం ఆపాను. ఏ బట్టకైనా, ఎవరికైనా, అక్క ఈ ప్రశ్నకి ఇన్నేళ్ళుగా చెప్పే జవాబు నాకు కంఠతా వచ్చు. ఎవరు చూస్తారమ్మా, అస్సలు కనిపించదు అంటుంది.

అక్క కళ్ళజోడు పెట్టుకుని, వంగి, రెండు పక్కలా చూసింది.

"కనిపిస్తుంది" అంది.

టీచరమ్మ కాసేపు అద్దంలో అక్కనే చూసింది. మర్నాడు ఆ గౌను వేసుకునే బడికి వెళ్ళింది.